ఛార్జర్‌లో పచ్చ లైటు వెలిగితే బ్యాటరీ నిండినట్లేనా?

ప్రశ్న: సార్, మాది అనంతపురం, రామ్‌నగర్. ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరయ్యాను. మనవరాలిని ట్యూషన్‌కు దింపడానికి, మార్కెట్‌కు పోయి రావడానికి రెండేళ్ళ కిందట ఎలక్ట్రిక్ స్కూటర్ కొన్నాను. లైసెన్సు, రిజిస్ట్రేషన్ అక్కరలేని రకం. 60 వోల్టుల లిథియం బ్యాటరీ. ఎండాకాలం సెలవులకు బెంగళూరులో కొడుకు దగ్గరికి పోయి నెలన్నర ఉండి వచ్చాం. అన్ని రోజులూ బండి ఇంటి ముందు రేకుల షెడ్డు కిందే ఉండింది. వచ్చాక చూస్తే దుమ్ము కొట్టుకుపోయి ఉంది, వాటర్ సర్వీసింగ్ చేయించాను. ఇప్పుడు తాళం తిప్పితే ఏమీ లేదు. డిస్‌ప్లే రాదు, లైటు లేదు, హారన్ లేదు. ఛార్జింగ్ పెడితే వెంటనే పచ్చ లైటు వస్తుంది, రాత్రంతా పచ్చగానే ఉంటుంది. అంటే బ్యాటరీ ఫుల్లుగా ఉన్నట్లే కదా? ఒక మెకానిక్ చూసి బ్యాటరీ పోయింది, 30 వేలవుతుంది అన్నాడు. ఇంకొకాయన కంట్రోలర్ పోయిందన్నాడు. బండి కొన్న షోరూమ్ మూసేశారు. ఎవరి మాట నమ్మమంటారు?

జవాబు: అయ్యా, ప్రస్తుతానికి ఇద్దరి మాటా నమ్మకండి. వాళ్ళు వోల్టులు కొలిచే మల్టీమీటర్ పెట్టి చూసినట్లు మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. కొలవకుండా చెప్పిన మాట మీద 30 వేలు పెట్టడం ఎందుకు? బండి పూర్తిగా మూగబోవడానికి బ్యాటరీ పోవడం ఒక కారణం మాత్రమే. ఉన్నవాటిలో అన్నిటికంటే ఖరీదైన కారణం కూడా అదే, కాబట్టి దాన్ని చివర్లో చూద్దాం.

ముందు ఆ పచ్చ లైటు సంగతి. బ్యాటరీ ఎంత నిండిందో ఛార్జర్‌కు తెలియదు. తనలోంచి కరెంటు ఎంత పోతోందన్నదాన్ని బట్టే దాని లైటు రంగు మారుతుంది. కరెంటు పోతుంటే ఎర్ర లైటు, పోవడం దాదాపుగా ఆగిపోతే పచ్చ లైటు. నిండిన బ్యాటరీ కరెంటు తీసుకోదు కాబట్టి అప్పుడు పచ్చ వస్తుంది. మధ్యలో వైరు తెగినా కరెంటు పోదు, అప్పుడూ పచ్చే. కావాలంటే ఛార్జర్‌ను బండికి తగిలించకుండా ఊరికే ప్లగ్గులో పెట్టి చూడండి, చాలా ఛార్జర్లలో పచ్చ లైటే వెలుగుతుంది. నెలన్నర నిలబడిన బండి ఎంతో కొంత ఛార్జి పోగొట్టుకుని ఉంటుంది, తగిలించగానే కాసేపైనా ఎర్ర లైటు రావాలి. మీకు ఒక్క క్షణం కూడా రాలేదంటే బ్యాటరీ నిండిందని కాదు, ఛార్జర్ నుంచి బ్యాటరీ లోపలికి దారి ఎక్కడో మూసుకుందని. మీ ఉత్తరంలో అన్నిటికంటే పనికొచ్చే ఆధారం ఇదే.

ఇక మీ ఉత్తరంలో లేని మాట ఒకటి అడగాలి. సర్వీసింగ్ సెంటర్‌కు బండిని నడుపుకుంటూ పోయారా, తోసుకుంటూ పోయారా? నడుపుకుంటూ పోయి ఉంటే ఆ రోజుకు బ్యాటరీ బతికే ఉన్నట్లు లెక్క. నీళ్ళు కొట్టాకే ఏదో జరిగింది. తోసుకుంటూ పోయి ఉంటే నీళ్ళను తప్పుపట్టడానికి లేదు, బండి షెడ్డులో ఉండగానే ఆగిపోయింది. ఈ ఒక్క జవాబుతో వెతకాల్సిన చోట్లు సగానికి తగ్గిపోతాయి. నాకు తెలియదు కాబట్టి రెండు దారులూ చెబుతాను.

మీ బండి లైసెన్సు అక్కరలేని రకం అన్నారు, అంటే 250 వాట్లు దాటని మోటారు, గంటకు 25 కిలోమీటర్లు దాటని వేగం. ఈ బళ్ళలో ఉన్న మేలేమిటంటే లోపల పెద్ద కంప్యూటర్ వ్యవహారం ఉండదు, వైరింగ్ తెలిసిన ఎవరైనా చూడగలరు. బ్యాటరీ నుంచి బయల్దేరిన కరెంటు ముందు ఎంసీబీకి, అంటే కరెంటు హద్దు మీరితే దానంతటదే పడిపోయే స్విచ్చుకు వస్తుంది. అక్కడి నుంచి ఫ్యూజు ఉంటే ఫ్యూజు, తర్వాత తాళం, ఆ తర్వాత కన్వర్టర్. ఈ కన్వర్టర్ అనేది 60 వోల్టులను 12 వోల్టులుగా దించే చిన్న డబ్బా. డిస్‌ప్లే, లైట్లు, హారన్, ఇండికేటర్లు చాలా బళ్ళలో ఆ 12 వోల్టుల మీదే నడుస్తాయి. మీ వైపు చీనీ (బత్తాయి) తోటల్లో డ్రిప్పు చూసే ఉంటారు. చివరి చెట్టుకు నీళ్ళు అందలేదని ఎవరూ బోరు ఎండిపోయిందనుకోరు, వాల్వు దగ్గర్నుంచి పైపు వెంబడి చూసుకుంటూ పోతారు. ఇక్కడా అంతే.

కంట్రోలర్ అన్న మెకానిక్ మాట ఇక్కడే బలహీనపడుతుంది. కంట్రోలర్ పని మోటారును తిప్పడం. అది పోతే సాధారణంగా డిస్‌ప్లే వస్తుంది, హారన్ మోగుతుంది, యాక్సిలరేటర్ తిప్పితే మాత్రం చక్రం కదలదు. మీకు హారన్ కూడా లేదు. ఒక్క సందర్భంలో ఆయన మాట నిజం కావచ్చు: కంట్రోలర్ లోపల షార్ట్ అయితే ఎంసీబీ పడిపోతుంది, లేదా బ్యాటరీ తనంతట తానే కట్ అయిపోతుంది. అది తేల్చడం పెద్ద పని కాదు. కంట్రోలర్‌కు పోయే లావు వైర్ల కప్లర్‌ను (వైర్లను కలిపే ప్లాస్టిక్ జాయింటును) ఎంసీబీ ఆఫ్ చేసి ఊడదీసి, ఎంసీబీ మళ్ళీ ఎత్తి తాళం తిప్పాలి. డిస్‌ప్లే వస్తే దోషం కంట్రోలర్‌దే. రాకపోతే ముందు మిగతావి చూడమనండి.

ఇప్పుడు మీరు చేయగలిగినవి. సీటు కింద గానీ కాళ్ళు పెట్టే ఫుట్‌బోర్డు కింద గానీ ఇంట్లో ఉండేలాంటి ఎంసీబీ ఉంటుంది. ఊరికి పోయేముందు మీరో, కొడుకో దాన్ని ఆఫ్ చేసి ఉండొచ్చు. సర్వీసింగ్ కుర్రాళ్ళు కూడా నీళ్ళు కొట్టేముందు ఆఫ్ చేసి తర్వాత మరిచిపోతుంటారు. కొన్ని బళ్ళలో ఛార్జింగ్ వైరు ఎంసీబీ తర్వాత కలుస్తుంది, అలాంటి బండిలో ఎంసీబీ ఆఫ్‌లో ఉంటే ఛార్జింగ్ కూడా ఎక్కదు. పచ్చ లైటు కథ దీనికి సరిగ్గా సరిపోతుంది. ఇంకో విషయం, దానంతటది ట్రిప్ అయిన ఎంసీబీ పిడి ఒక్కోసారి పూర్తిగా కిందకి రాదు, మధ్యలో ఆగుతుంది. పైకి తోస్తే నిలబడదు. ముందు గట్టిగా కిందికి నొక్కి, ఆ తర్వాత పైకి ఎత్తాలి. ఎత్తగానే టప్పుమని మళ్ళీ పడిపోతోందా? అయితే ఎక్కడో షార్ట్ ఉంది. రబ్బరు బ్యాండు వేసి, పుల్ల పెట్టి నిలబెట్టే వాళ్ళున్నారు, ఆ పని మాత్రం చేయనివ్వకండి.

బండికి రిమోట్ ఉంటే నొక్కి చూడండి. కీచుమని శబ్దం వస్తే అలారం దాకా కరెంటు వస్తోందన్నమాట, బ్యాటరీ పోయిందన్న మెకానిక్ అక్కడే ఆలోచనలో పడాలి. రాకపోతే రిమోట్‌లోని బిళ్ళ బ్యాటరీ అయిపోయి ఉండొచ్చు కాబట్టి దాన్ని బట్టి ఏమీ తేల్చలేం.

ఆ తర్వాత మల్టీమీటర్ కావాలి. ఎలక్ట్రికల్ షాపుల్లో కొన్ని వందలకే మామూలుది దొరుకుతుంది, ఇంటి వైరింగ్ చేసే ఎలక్ట్రీషియన్ దగ్గరైనా ఉంటుంది. మీకు అలవాటు లేకపోతే ఆయన్నే పిలవండి, పక్కన నిలబడి అంకెలు మీరు రాసుకోండి. ముల్లును డీసీ వోల్టుల వైపు 200 అంకె మీద పెట్టాలి. 20 మీద పెడితే అంకె రాదు, ఆ మాత్రానికి బ్యాటరీ లేదనుకునేరు. ఎర్ర వైరు వోల్టుల రంధ్రంలోనే ఉండాలి. పక్కనే 10 ఆంపియర్లదని ఇంకో రంధ్రం ఉంటుంది, వైరు అందులో ఉండగా బ్యాటరీ మీద పెడితే నేరుగా షార్టే. చేతికి ఉంగరం, వాచీ ఉంటే తీసేయండి. 60 వోల్టులే కదా అనుకోవద్దు, స్క్రూడ్రైవర్ రెండు కొసలకూ తగిలితే కొన కరిగిపోయేంత కరెంటు ఇస్తుంది లిథియం బ్యాటరీ.

ముందు ఛార్జర్ మీద అంటించిన స్టిక్కర్ చదవండి. అవుట్‌పుట్ అని 67.2 అనో, 71.4 అనో, 73 అనో ఉంటుంది. మీ బ్యాటరీ పూర్తిగా నిండితే రావాల్సిన అంకె అది. ఇప్పుడు బ్యాటరీ నుంచి వచ్చే లావు కనెక్టర్ విప్పి అక్కడ కొలవండి. 55కు పైన ఎంత వచ్చినా బ్యాటరీలో ప్రాణం ఉన్నట్లే, దోషం బయట వెతకాలి. మళ్ళీ కనెక్టర్ తగిలించేటప్పుడు చిటుక్కుమని చిన్న నిప్పురవ్వ వస్తే భయపడకండి. కంట్రోలర్‌లోని కెపాసిటర్లు ఒక్కసారిగా నిండడం వల్ల వస్తుంది. ఎంసీబీ ఆఫ్ చేసి తగిలిస్తే అది కూడా చాలా బళ్ళలో రాదు.

బ్యాటరీ దగ్గర అంకె బాగుంటే ఎంసీబీకి అటూ ఇటూ కొలవాలి. పిడి పైకే ఉంటుంది, లోపల కాంటాక్టు మాడిపోయి కరెంటు దాటదు, పాత బళ్ళలో ఇది మామూలే. అక్కడా బాగుంటే తాళం ఆన్‌లో పెట్టి కన్వర్టర్‌లోకి 60 వస్తోందా, బయటికి 12 వస్తోందా చూడాలి. లోపలికి వచ్చి బయటికి రాకపోతే కన్వర్టర్ పోయింది. బ్యాటరీ ఖరీదుతో పోలిస్తే దాని ఖరీదు లెక్కలోకి రాదు. లోపలికే రాకపోతే తాళం గానీ ఫ్యూజు గానీ.

ఈ కొలతల్లో ఒక మోసం ఉంది, దీన్ని చాలామంది మెకానిక్‌లు కూడా పట్టించుకోరు. మల్టీమీటర్ లాగే కరెంటు చాలా తక్కువ. తుప్పు పట్టి వెంట్రుక వాసి తగులుతున్న కాంటాక్టు కూడా దానికి పూర్తి 62 వోల్టులు చూపిస్తుంది. తాళం తిప్పి కన్వర్టర్ కరెంటు అడిగేసరికి అదే చోట 8కో 9కో పడిపోతుంది. అందుకని ప్రతి చోటా తాళం ఆఫ్‌లో ఒకసారి, లైటు స్విచ్ వేసి తాళం ఆన్‌లో ఒకసారి కొలవమనండి. రెండో కొలతలో ఎక్కడ అంకె కూలిపోతే దోషం దానికి ముందు ఉన్నట్లు. అది కప్లర్ అయితే విప్పి చూడగానే తెలుస్తుంది, పిన్ను మీద పచ్చని తుప్పు గానీ, ప్లాస్టిక్ కరిగి గోధుమ రంగు మచ్చ గానీ ఉంటుంది.

బండిని నడుపుకుంటూ పోయి, నీళ్ళు కొట్టించాక ఆగిందంటే ముందు చూడాల్సినవి ఇవే: కప్లర్లు, తాళం, కన్వర్టర్. మీ అనంతపురం దుమ్ము మీద ప్రెషర్ నీళ్ళు పడితే కప్లర్లలోకి బురద దూరి కూర్చుంటుంది. ఎంసీబీ ఆఫ్ చేసి, సీటు తీసేసి, నీడలో ఫ్యాన్ గాలికి ఒక రోజు వదిలేయండి. ఎండలో పెట్టొద్దు. కప్లర్లు విప్పి ఎలక్ట్రికల్ కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే కొట్టి ఆరాక బిగించండి. తాళం రంధ్రంలో కొబ్బరి నూనె పోసే అలవాటు మన ఇళ్ళలో ఉంది, దానికి దుమ్ము అంటుకుని ఇంకా మొరాయిస్తుంది. బ్యాటరీ డబ్బాలోకే నీళ్ళు పోయాయని అనుమానం ఉంటే మాత్రం ఆరబెట్టి ఛార్జింగ్ పెట్టి చూద్దామనుకోవద్దు. విప్పి చూసేదాకా ఛార్జర్ తగిలించకండి.

తోసుకుంటూ పోయారనుకుందాం. నెలన్నర కదలని బండి కాబట్టి ఎలుకలు వైర్లు కొరికాయేమో ఫుట్‌బోర్డు కింద ఓసారి టార్చి వేసి చూడండి. అదేమీ లేకుండా బ్యాటరీ కనెక్టర్ దగ్గరే సున్నాకు దగ్గరగా అంకె వస్తే, మెకానిక్ "చూశారా, నేను చెప్పలేదా" అంటాడు. అక్కడ కూడా తొందరపడొద్దు.

లిథియం బ్యాటరీ అంటే చిన్న చిన్న సెల్లులను వరసలుగా కలిపిన ప్యాక్. దాని లోపల బీఎంఎస్ అని ఒక కాపలా సర్క్యూట్ ఉంటుంది. మామూలు రకం లిథియం సెల్లు నిండితే 4.2 వోల్టులు, ఖాళీ అయ్యేకొద్దీ 3 వోల్టుల దాకా దిగుతుంది. ఇంకా దిగితే సెల్లు పాడవుతుంది కాబట్టి ఎక్కడైనా ఒక సెల్లు హద్దు దాటగానే బీఎంఎస్ బయటికి పోయే దారి మూసేస్తుంది. అప్పుడు మల్టీమీటర్‌కు సున్నా కనిపిస్తుంది, లోపల సెల్లుల్లో మాత్రం ఛార్జి ఉంటుంది. బండి తాళం ఆఫ్ చేసినా అలారం, జీపీఎస్ ఉంటే అది, బీఎంఎస్ తాను, కొద్దికొద్దిగా బ్యాటరీని తాగుతూనే ఉంటాయి. ఊరికి పోయే రోజున డిస్‌ప్లేలో ఒకటో రెండో గీతలే ఉండి, ఎంసీబీ ఆన్‌లోనే ఉంటే నెలన్నర చాలా ఎక్కువ.

ఇలా మూసుకున్న బ్యాటరీని మామూలుగా ఛార్జర్ తగిలిస్తే అదే లేపుతుంది. కానీ కొన్ని ఛార్జర్లు ఎదుట బ్యాటరీ వోల్టేజి కనిపిస్తే తప్ప కరెంటు వదలవు. మూసుకున్న బ్యాటరీ సున్నా చూపిస్తుంది, అది సున్నా చూపిస్తోందని ఛార్జర్ ఊరుకుంటుంది. రాత్రంతా పచ్చ లైటు. మీ బండి సంగతి ఇదే అయి ఉండడానికి చాలా అవకాశం ఉంది. లిథియం ప్యాక్‌ల పని చేసేవాళ్ళు దీన్ని విప్పి, సెల్లుల వరసలు ఒక్కొక్కటీ కొలిచి, తక్కువ కరెంటుతో మెల్లగా పైకి తెస్తారు.

విప్పించేముందు మీ బిల్లు వెతకండి. లిథియం బ్యాటరీకి చాలా కంపెనీలు మూడేళ్ళ వారంటీ ఇస్తాయి. మీరు కొని రెండేళ్ళే అయింది. షోరూమ్ మూసేస్తే వారంటీ పోయినట్లు కాదు, బాధ్యత తయారుచేసిన కంపెనీది కూడా. ప్యాక్ మీద సీలు చించితే మాత్రం వాళ్ళకు సాకు దొరుకుతుంది. ప్యాక్ సీరియల్ నంబరు ఫోటో తీసి, బిల్లు జతచేసి కంపెనీకి రాయండి. పలకకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తే ఫిర్యాదు నమోదు చేసుకుంటారు.

వారంటీ లేదని తేలితేనే బయట విప్పించండి, అది కూడా ఎదురుగా నిలబడి. సెల్లు వరసలు రెండున్నర వోల్టులకు పైన ఉంటే సాధారణంగా దారికొస్తాయి. ఏదైనా వరస 2 వోల్టులకంటే దిగువన చాలా రోజులు పడి ఉంటే దాన్ని లేపే ప్రయత్నం వద్దు. అంత లోతుకు దిగిన సెల్లులో రాగి కరిగి, మళ్ళీ ఛార్జి చేసినప్పుడు లోపలే షార్ట్ అయ్యే ప్రమాదం ఉంటుంది. బీఎంఎస్ తీసేసి డైరెక్టుగా కలిపి "ఒక షాక్ ఇస్తే లేస్తుంది సార్" అనే మనిషి కనిపిస్తే బ్యాటరీ తీసుకుని వచ్చేయండి. ప్యాక్ ఉబ్బినా, ముట్టుకుంటే వేడిగా ఉన్నా, ఏదో రసాయనం వాసన వచ్చినా ఇంట్లో, మెట్ల కింద ఉంచకుండా ఆరుబయట పెట్టించండి.

ఈ లోపు పక్కింటాయన ఛార్జర్ తెచ్చి పెట్టి చూద్దామన్న ఆలోచన రావచ్చు. వద్దు. ఈ బళ్ళలో చాలావాటికి కంప్యూటర్ వైరులాంటి మూడు పిన్నుల సాకెట్టే ఉంటుంది, పిన్ను కలుస్తుంది. లోపల ప్లస్సు, మైనస్సు ఏ పిన్నుకు ఇచ్చారన్నది ఒక్కో కంపెనీది ఒక్కో తీరు, వోల్టేజి కూడా వేరు కావచ్చు.

లెడ్ యాసిడ్ బ్యాటరీల బండి ఉన్నవాళ్ళు కూడా ఇది చదువుతుంటారు కాబట్టి వాళ్ళకు రెండు మాటలు. 60 వోల్టులంటే 12 వోల్టులవి ఐదు వరసగా కలిపినవి. ఒక్కొక్కటి విడిగా కొలవండి. నాలుగు 12న్నర చూపించి ఒకటి 9కో 10కో ఉంటే బండిని ముంచింది ఆ ఒక్కటే. ఏడాది దాటిన సెట్టులో ఒక్కటే కొత్తది వేస్తే పాతవాటి మధ్య అదీ తొందరగా నలిగిపోతుంది, కాబట్టి అలాంటప్పుడు సెట్టు మార్చమనే మెకానిక్‌ను అనుమానించాల్సిన పని లేదు.

మళ్ళీ బెంగళూరు పోయేటప్పుడు బ్యాటరీ సగానికి ఉంచి, ఎంసీబీ ఆఫ్ చేసి పోండి. మే నెలలో రేకుల షెడ్డు కింద వేడి బయటికంటే ఎక్కువ, ఫుల్లుగా నింపిన లిథియం ఆ వేడిలో తొందరగా ముసలిదవుతుంది. బ్యాటరీ ఊడివచ్చే రకమైతే తీసి ఇంట్లో చల్లటి గదిలో, మండే వస్తువులకు దూరంగా పెట్టండి.

ఇవన్నీ చూశాక కూడా సెల్లులు పోయాయనే తేలితే మొదటి మెకానిక్ మాటే నిజమైనట్లు, కొత్త ప్యాక్ తప్పదు. అప్పుడు ఏఐఎస్-156 భద్రతా ప్రమాణానికి పరీక్షించిన ప్యాక్ ఇవ్వమనండి, వారంటీ బిల్లు మీద రాయించుకోండి. పాత ఛార్జర్ మీది అంకె కొత్త ప్యాక్‌కు సరిపోతుందో లేదో ఆయన చేతే చెప్పించండి. 67.2 ప్యాక్ తీసి 73 ప్యాక్ వేస్తే ఛార్జర్ కూడా మారాలి, 30 వేలలో అది కలిసి ఉందో లేదో ముందే అడగండి. పాత ప్యాక్‌ను ఆయనకే వదిలేసి రాకండి. అందులో బాగున్న సెల్లులకు, కేసుకు విలువ ఉంటుంది, ఆ మేరకు ధర తగ్గించమనండి.